వినడమే నటనగా: అలెక్ గిన్నిస్ నటించిన రెండు స్మైలీ సీరియళ్ళ డీవీడీల పెట్టెపై సమీక్ష

గత డిసెంబరులో బర్మింగ్‌హామ్ నుంచి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు, నేను ఎన్నాళ్ళుగానో అడుగుతున్న డీవీడీల పెట్టె తెచ్చి ఇచ్చాడు. బీబీసీ రెండో ఛానెల్ 1979లో ప్రసారం చేసిన ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’ ఏడు భాగాలు, అదే ఛానెల్ 1982లో ప్రసారం చేసిన ‘స్మైలీస్ పీపుల్’ ఆరు భాగాలు అందులో ఉన్నాయి. రెండూ జాన్ లె కారే నవలలకు టెలివిజన్ రూపాలు; రెండింటిలోనూ జార్జ్ స్మైలీ అనే గూఢచారి సంస్థ అధికారి పాత్రను సర్ అలెక్ గిన్నిస్ పోషించారు. రాత్రి భోజనాలయ్యాక రోజుకొక భాగం చొప్పున నేనూ మా ఆవిడా రెండు వారాల్లో మొత్తం చూశాము. నెల తిరగకుండానే మళ్ళీ మొదటి నుంచి చూశాము. ఈ సమీక్ష రెండోసారి చూసిన తర్వాత రాస్తున్నది. మొదటిసారి కథలోని ముడులు విప్పుకోవడానికే మనసంతా సరిపోయింది. ఆ నటుడు ఏమి చేస్తున్నాడో, ఏమి చేయకుండా ఆగుతున్నాడో రెండోసారికి గాని కంటికి ఆనలేదు.

మన దేశంలో గిన్నిస్‌ను ఎరిగినవారు రెండు తరాలుగా ఉన్నారు. పెద్దవారికి ఆయన ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వై’లో జపాను సైన్యానికి బందీగా ఉండి కూడా పట్టుబట్టి వంతెన కట్టించే కర్నల్ నికల్సన్. చిన్నవారికి 1977 నాటి ‘స్టార్ వార్స్’లో గోధుమరంగు అంగీ తొడిగిన ఒబి-వాన్ కెనోబీ. ఈ రెండు చిత్రాలకూ నడుమ ఇరవై ఏళ్ళ దూరం ఉంది. వాటికి ముందూ వెనుకా లండన్ రంగస్థలం మీద గడిచిన ఒక నిండు జీవితం ఉంది. అరవై అయిదేళ్ళ వయసులో బుల్లితెరకు వచ్చి చేసిన ఈ పాత్రలో ఆ జీవితమంతా వడగట్టి ఉందని నా నమ్మకం. అందువల్ల గిన్నిస్‌ను మొదటిసారి తెలుసుకోదలచినవారికి ఆస్కార్ తెచ్చిన సినిమా కన్నా ముందుగా ఈ పదమూడు భాగాలనే చూడమని చెబుతాను.

ముందుగా వస్తువు సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే కొన్న తర్వాత చూడటానికి వీలుపడకపోతే ఎంత గొప్ప నటన అయినా అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. డీవీడీల కోసం ప్రపంచాన్ని విభజించిన రీజియన్లలో, బ్రిటన్‌లో అమ్మే డీవీడీలు రెండో రీజియన్‌కు చెందినవి. మన దేశంలో అమ్మే ప్లేయర్లు అయిదో రీజియన్‌కు కుదిర్చినవి. మా ఇంట్లోని పాత ప్లేయర్‌లో డిస్కు తిరిగింది గాని బొమ్మ రాలేదు. అన్ని రీజియన్ల డిస్కులనూ ఆడించే ప్లేయర్‌ను ఒక మిత్రుని దగ్గర అరువు తెచ్చుకున్నాక ఆ ఇబ్బంది తీరింది. రెండు దేశాలలోనూ పాల్ అనే టీవీ పద్ధతే ఉన్నందువల్ల ఇంకే చిక్కూ రాలేదు. బొమ్మ పాత టెలివిజన్ కొలతలో, నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉంటుంది. ఇప్పటి వెడల్పాటి టీవీలు కొన్ని దానిని తమంతట తామే అడ్డంగా సాగదీసి చూపుతాయి. సెట్టింగులలోకి వెళ్ళి ఆ సాగదీతను ఆపి, తెరకు రెండు పక్కలా నల్లని పట్టీలు ఉండనివ్వాలి. కనురెప్ప వాలడం, పెదవి అంచు బిగుసుకోవడం కూడా లెక్కలోకి వచ్చే నటన ఇది కనుక ముఖం వాస్తవమైన కొలతలో కనబడటం అవసరం. ‘టింకర్ టైలర్’ను 16 మిల్లీమీటర్ల ఫిలిం మీద తీశారు, బొమ్మలో కొంత గరుకుదనం, రంగులలో కొంత బూడిదతనం ఉన్నాయి. కొత్త సినిమాల నునుపుకు అలవాటుపడిన కళ్ళకు మొదటి అరగంట అది లోటుగా తోచవచ్చు గాని, మసకబారిన కార్యాలయాలలో, చినుకులు పడే లండన్ వీధులలో నడిచే ఈ కథకు ఆ బూడిదరంగే సరైనదని నాకు త్వరలోనే అనిపించింది.

కథను బయటపెట్టకుండా సందర్భం మాత్రం చెబుతాను. బ్రిటిష్ గూఢచారి సంస్థ అగ్రశ్రేణిలో ఉన్న కొద్దిమంది అధికారులలో ఒకరు ఏళ్ళ తరబడి మాస్కోకు రహస్యాలు చేరవేస్తున్నారు. ఆ ద్రోహిని పట్టుకోవడానికి, సంస్థ నుంచి వెళ్ళగొట్టిన స్మైలీనే ప్రభుత్వం గుట్టుగా పిలిపిస్తుంది. అనుమానితులకు పెట్టిన సంకేత నామాలు ఇంగ్లిష్ పిల్లలు వంతులు లెక్కపెట్టుకుంటూ పాడుకునే పాటలోవి. ఆ పేర్లలో ఒకటి స్మైలీది కూడా. ఈ కథ వెనుక నిజంగా జరిగిన ఒక పెద్ద ద్రోహం ఉంది. మన దేశంలో, అప్పటి పంజాబులోని అంబాలాలో 1912లో పుట్టిన కిమ్ ఫిల్బీ బ్రిటిష్ గూఢచారి సంస్థలో ఉన్నత స్థాయికి ఎదిగి, సోవియట్ మనిషిగా బయటపడి, 1963లో బేరూత్ నుంచి మాస్కోకు పారిపోయాడు. ఆ సంస్థలో స్వయంగా పనిచేసిన లె కారేకు ఆ గాయం సొంతది. సీరియల్ వచ్చిన కాలం కూడా గమనించదగినది. 1979 సెప్టెంబరు 10న మొదటి భాగం ప్రసారమైనప్పుడు, పోటీ ఛానెల్ ఐటీవీ సమ్మె వల్ల మూతపడి ఉంది. చివరి భాగం దాకా ఆ స్థితి మారలేదు. ఆ భాగం ముగిసి నెల గడవకముందే, నవంబరు 15న, రాణిగారి చిత్రాల సంరక్షకుడిగా పనిచేసిన ఆంథొనీ బ్లంట్ సోవియట్ గూఢచారి అని ప్రధాని మార్గరెట్ థాచర్ పార్లమెంటులో ప్రకటించారు. తెర మీద తాము చూసి ముగించిన కథ వార్తాపత్రికలోకి నడిచివచ్చినప్పుడు ఆ ప్రేక్షకులకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవలసిందే.

సీరియల్ ఒక నిశ్శబ్దంతో మొదలవుతుంది. సమావేశపు గదిలోకి నలుగురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, తమ తమ కుర్చీలలో సర్దుకుంటారు. ఎవరూ పలకరించుకోరు. ఎవరు ఎలా తలుపు మూశారు, ఎవరు కప్పు ఎలా పట్టుకున్నారు అన్నవే వారి పరిచయాలు. దర్శకుడు జాన్ ఇర్విన్, నాటకీకరణ చేసిన ఆర్థర్ హాప్‌క్రాఫ్ట్ ఆ ఒక్క దృశ్యంతోనే ప్రేక్షకుడికి ఒక పని అప్పగించేశారు: చూడు, విను, తొందరపడకు. ఆ తర్వాత చాలాసేపటికి గాని స్మైలీ రాడు. వచ్చినప్పుడు కూడా కథానాయకుడి రాకలా ఉండదు. పాత సహోద్యోగి ఒకడు వదలకుండా వెంటబడి భోజనానికి లాక్కుపోతే, అతని వదరుబోతుతనాన్ని భరిస్తూ కూర్చున్న ఒక నడివయసు దాటిన మనిషిగా గిన్నిస్ మనకు పరిచయమవుతారు. ఆ భోజనపు బల్ల దగ్గర ఆయన మాటలు బహు తక్కువ. ఎదుటి మనిషి స్మైలీ భార్య గురించి పరోక్షంగా ఏదో అంటాడు. గిన్నిస్ ముఖంలో ఏమీ మారదు, అయినా లోపల ఏదో తెగిందని మనకు తెలుస్తుంది. రెండోసారి చూస్తున్నప్పుడు ఆ చోటనే మా ఆవిడ, “ఈయన ఎదుటివాళ్ళ మాట పూర్తిగా అయ్యేదాకా ఊపిరి కూడా వదలడండీ” అన్నది. నేను ఈ సమీక్షలో చెప్పదలచిన విషయం అదే.

స్మైలీ చేసే పరిశోధనలో పరుగులు, తుపాకులు దాదాపు లేవు. అతడు చిన్న హోటలు గదిలో కూర్చుని పాత ఫైళ్ళు చదువుతాడు. సంస్థ నుంచి బయటపడిన వారిని ఒక్కొక్కరినే వెతుక్కుంటూ వెళ్ళి, వారు చెప్పేది వింటాడు. అంటే ప్రతి భాగంలోనూ ఒక కొత్త నటుడు వచ్చి పెద్ద పెద్ద సంభాషణలు చెబుతుంటే, కథానాయకుడు వింటూ కూర్చోవాలి. మామూలు నటుడైతే ఈ ఏర్పాటులో మరుగున పడిపోతాడు, లేదా ఏదో ఒక చేష్టతో చూపు తన వైపు తిప్పుకుంటాడు. గిన్నిస్ ఈ రెండూ చేయరు. ఎదుటివారి మాటలో ఎక్కడ అబద్ధం దొర్లిందో, ఎక్కడ బాధ ఉన్నదో ఆయన వినికిడి ద్వారానే మనకు తెలుస్తుంది. మాట ఆగిన తర్వాత ఆయన మరో క్షణం మౌనంగా ఉంటారు. ఆ మౌనాన్ని భరించలేక ఎదుటివారు చెప్పకూడదనుకున్న మరో మాట చెప్పేస్తారు. ఒక పాత్ర స్వభావమూ, ఒక వృత్తి కిటుకూ, ఒక నటనా పద్ధతీ ఇంతగా ఒకటైపోయిన సందర్భం నేను మరొకటి చూడలేదు.

ఇది ఆయనకు ఎలా పట్టుబడిందో అర్థం కావాలంటే వెనక్కి వెళ్ళాలి. 1914 ఏప్రిల్ 2న లండన్‌లో పుట్టిన గిన్నిస్ జనన పత్రంలో తండ్రి పేరు లేదు. బాల్యమంతా ఒక చోటు నుంచి మరో చోటికి మారుతూ గడిచింది. చదువు ముగిశాక ప్రకటనల సంస్థలో వాక్యాలు రాసే ఉద్యోగం చేశారు. నటన నేర్పమని మార్టిటా హంట్ అనే నటి దగ్గరకు వెళితే, కొన్ని పాఠాల తర్వాత ఆమె నీకు నటన రాదని తేల్చి చెప్పింది. పట్టు వదలకుండా నటనా పాఠశాలలో చేరిన ఆ కుర్రవాడిని గుర్తించినది పేరుమోసిన రంగస్థల నటుడు జాన్ గీల్గుడ్. చేతిలో పైసా లేని రోజుల్లో గీల్గుడ్ ఇవ్వజూపిన ఇరవై పౌండ్లను పుచ్చుకోలేదు గాని, 1934లో ఆయన తన ‘హామ్లెట్’లో ఇచ్చిన ఓస్రిక్ వేషాన్ని మాత్రం కళ్ళకద్దుకున్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, ఇరవై నాలుగో ఏట, ఓల్డ్ విక్ నాటకశాలలో టైరోన్ గత్రీ ఆధునిక దుస్తులతో ఆడించిన ‘హామ్లెట్’కు ఆయనే కథానాయకుడు. 1939లో డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను స్వయంగా నాటకంగా మలచి ఆడించినప్పుడు, మిస్ హావిషమ్ వేషం వేసినది ఆ మార్టిటా హంటే. ఆ ప్రదర్శన చూసిన డేవిడ్ లీన్ 1946లో ఆ నవలను సినిమాగా తీస్తూ ఇద్దరినీ తీసుకున్నారు. తనను కాదన్న గురువుతోనే మొదట రంగస్థలం మీద, తర్వాత వెండితెర మీద నటించడం గిన్నిస్ జీవితంలో నాకు బాగా నచ్చిన సంగతి.

ఆ తర్వాతి పదేళ్ళ కీర్తి ఎక్కువగా వేషాలు మార్చడంలోది. 1948 నాటి ‘ఆలివర్ ట్విస్ట్’లో ఫాగిన్ అనే యూదు పాత్ర కోసం, నవలకు క్రూక్‌షాంక్ గీసిన బొమ్మల ఆధారంగా పెద్ద ముక్కు అతికించుకున్నారు, యూదులను కించపరిచేదిగా ఉందన్న నిరసనల వల్ల ఆ చిత్రం అమెరికాలో 1951 దాకా విడుదల కాలేదు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. 1949లో ఈలింగ్ స్టూడియో తీసిన ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’లో ఒకే కుటుంబానికి చెందిన ఎనిమిది మందిని ఆయనే పోషించారు, అందులో ఒక వృద్ధురాలు కూడా ఉంది. ఒక దృశ్యంలో ఆరుగురు గిన్నిస్‌లు ఒకేసారి తెర మీద కనబడతారు. ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్ కెమెరాను కదలకుండా బిగించి, కటకాన్ని భాగాలుగా కప్పుతూ, అదే ఫిలింను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చిత్రీకరించారు. కంప్యూటర్లు లేని రోజుల్లో అది ఎంత ఓర్పుతో కూడిన పనో ఆ దృశ్యం చూస్తే తెలుస్తుంది. అయితే ఎనిమిది వేషాలలోనూ నన్ను ఆకట్టుకున్నది మీసాలూ విగ్గులూ కావు. ఒక్కొక్కరిలో ఒక్కొక్క రకం మందబుద్ధిని ఆయన కళ్ళతోనే వేరు చేసి చూపారు. 1951లో వచ్చిన ‘ద లావెండర్ హిల్ మాబ్’లోని బ్యాంకు గుమస్తా, 1955 నాటి ‘ద లేడీకిల్లర్స్’లో పొడుగు పళ్ళ దొంగల నాయకుడు ఈ వరుసలోని మిగిలిన ముచ్చటైన పాత్రలు.

1957లో సింహళంలో తీసిన ‘క్వై’ దగ్గర ఒక మలుపు కనిపిస్తుంది. వేడెక్కిన రేకు గదిలో రోజుల తరబడి బంధించిన కర్నల్ నికల్సన్‌ను బయటకు వదిలినప్పుడు, అతడు కూలిపోకుండా నడిచి వెళ్ళే దృశ్యం ఒకటి ఉంది. పోలియో సోకి కోలుకుంటున్న తన కుమారుడు నడక నేర్చుకున్న తీరును గిన్నిస్ అందులో వాడుకున్నారు. ఇక్కడ అతికించిన ముక్కు లేదు, పెట్టుడు పళ్ళు లేవు. ఇంట్లో తండ్రిగా చూసిన ఒక బాధ ఉంది. ఉత్తమ నటుడిగా ఆస్కార్ ఆ పాత్రకు వచ్చింది, 1959లో నైట్ బిరుదూ వచ్చింది. రంగస్థలం మాత్రం ఆయనను ఎప్పుడూ ఒకేలా ఆదరించలేదు. 1946లో ఒలీవియర్ ‘కింగ్ లియర్’లో విదూషకుడిగా పేరు తెచ్చుకున్న ఆయనే, 1951లో తాను నటిస్తూ దర్శకత్వమూ వహించిన ‘హామ్లెట్’తో ఘోరంగా దెబ్బతిన్నారు, మొదటి రాత్రి దీపాల ఏర్పాటు కూడా తారుమారయింది. 1964లో బ్రాడ్వేలో కవి డిలన్ థామస్ పాత్రకు టోనీ పురస్కారం పొందారు. రెండేళ్ళకు సిమోన్ సిన్యోరేతో కలిసి చేసిన ‘మాక్బెత్’ను విమర్శకులు తిప్పికొట్టారు. గొంతెత్తి ప్రేక్షకశాలను ఊపవలసిన మహా పాత్రలు ఆయనకు అంతగా లొంగలేదని, లోలోపలే దాచుకునే మనుషులు ఆయనకు స్వభావసిద్ధంగా వచ్చారని ఈ జయాపజయాలను చూస్తే నాకు అనిపిస్తుంది. స్మైలీ అటువంటి మనిషి.

ఆ పాత్రకు ఆయన సిద్ధమైన తీరు తెలిశాక నా గౌరవం రెట్టింపయింది. నిజమైన గూఢచారి అధిపతిని ఒకసారి చూడాలని గిన్నిస్ కోరితే, సంస్థకు అధిపతిగా ఉండి పదవీ విరమణ చేసిన సర్ మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో లె కారే భోజనం ఏర్పాటు చేశారు. ఆ పూటంతా గిన్నిస్ ఆయన కఫ్‌లింకులనూ, పాదరక్షలనూ, గ్లాసు అంచు మీద వేలు తిప్పే అలవాటునూ గమనించారు. భోజనం ముగిశాక ఆయన వీధిలో ఎలా నడిచి వెళ్తారో చూడటానికి బయటకు కూడా వెళ్ళారు. అలా పోగుచేసుకున్నదానిలో తెర మీద కనబడేది కొద్దిపాటి. దళసరి కళ్ళద్దాలు, ఓవర్‌కోటు, టోపీ, కాస్త భారంగా పడే అడుగు, అంతే. ఎనిమిది ముఖాలు తొడిగిన నటుడు చివరకు ఒక జత కళ్ళద్దాల దగ్గర ఆగారు. ఆ అద్దాలు తీసి తుడుచుకునే క్షణాలను గమనించండి. అవి లేనప్పుడు ఆ ముఖం రక్షణ లేని పసివాడి ముఖంలా ఉంటుంది, మళ్ళీ పెట్టుకోగానే తలుపు మూసినట్లవుతుంది. తన పాత్రను గిన్నిస్ ఎంతగా సొంతం చేసుకున్నారంటే, ఆ తర్వాత స్మైలీని మునుపటిలా ఊహించుకోవడం తనకే కష్టమయిందని లె కారే చెప్పారు.

మొత్తం పెట్టెలో నన్ను వదలని దృశ్యం మన ఢిల్లీలో జరుగుతుంది. చాలా ఏళ్ళ కిందట, మాస్కో గూఢచారి కార్లా ఢిల్లీ జైలులో చిక్కి ఉన్నప్పుడు, అతడిని తమ వైపు తిప్పుకోవడానికి స్మైలీ వెళ్ళిన సంగతి అది. ఆ కథను స్మైలీ తన సహాయకుడు పీటర్ గిలమ్‌కు చెబుతుండగా మనం గతంలోకి వెళ్తాము. కార్లాగా కూర్చున్నది ప్యాట్రిక్ స్టీవర్ట్. ఆ తర్వాత ‘స్టార్ ట్రెక్’ నౌకాధిపతిగా ప్రపంచమంతటికీ తెలిసిన నటుడు, గొప్ప కంఠస్వరం గలవాడు. ఆయనకు ఇక్కడ ఒక్క మాట కూడా లేదు. స్మైలీ బతిమాలుతాడు, బెదిరిస్తాడు, స్వదేశానికి తిరిగి వెళితే చావు తప్పదని లెక్కలు చెబుతాడు, చివరకు భార్యను తలచుకొమ్మంటాడు. చెబుతూ చెబుతూ, తాను మాట్లాడుతున్నది కార్లా భార్య గురించి కాదని, తనను వదిలిపోతున్న తన భార్య ఆన్ గురించేనని అతనికే తెలిసివస్తుంది. కార్లా కదలడు. వెళ్ళేటప్పుడు, ఆన్ బహుమతిగా ఇచ్చిన స్మైలీ సిగరెట్ లైటర్‌ను మాత్రం తీసుకుపోతాడు.

ఈ దృశ్యం ఎందుకంత బలమైనదో రెండోసారి చూసినప్పుడు గ్రహించాను. పదమూడు భాగాలలోనూ వినేవాడిగా ఉండే మనిషి ఇక్కడ ఒక్కచోట మాత్రం ఆపకుండా మాట్లాడతాడు, ఓడిపోతాడు. అతని సొంత ఆయుధమైన మౌనం ఎదుటివాడి చేతిలో ఉంది. గిన్నిస్ కంఠం ఎక్కడా పెరగదు. కాని మాటల మధ్య ఉండవలసిన ఆ నిలకడైన విరామాలు క్రమంగా తగ్గిపోతూ ఉంటాయి, ఒక వాక్యం మరో వాక్యాన్ని తరుముకొస్తుంది. అంతవరకు చూసిన స్మైలీ లయ మన చెవికి అలవాటై ఉండటం వల్లనే ఆ తడబాటు మనకు గుచ్చుకుంటుంది. ఆయన గంటల తరబడి కట్టిన నిశ్శబ్దాన్ని ఈ కొద్ది నిమిషాల కోసమే కట్టారా అనిపించింది. ఆ లైటర్‌ను గుర్తుపెట్టుకోండి. రెండో సీరియల్ చివరి నిమిషాలలో అది మళ్ళీ కనబడుతుంది, ఇంతకన్నా చెప్పడం భావ్యం కాదు.

గిన్నిస్ ఒక్కరే గొప్పవారైతే ఈ సీరియల్ ఇంత నిలిచేది కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో పాత జ్ఞాపకాలతో, మద్యంతో కాలం గడుపుతున్న కానీ సాక్స్‌గా బెరిల్ రీడ్ వచ్చే ఘట్టం చాలు. ఒకప్పుడు సంస్థకే జ్ఞాపకశక్తిగా బతికిన ఆ స్త్రీ, తనను వెళ్ళగొట్టిన రోజును చెబుతూ నవ్వు నుంచి ఏడుపులోకి జారిపోతుంది. పక్కన కూర్చున్న స్మైలీ ఆమెను ఓదార్చడానికి ఏ పెద్ద మాటా వెతకడు. ఇయాన్ రిచర్డ్‌సన్, బెర్నార్డ్ హెప్టన్, మైకేల్ జేస్టన్, ఇయాన్ బానెన్, జాస్ ఆక్లాండ్ వంటి రంగస్థల అనుభవజ్ఞులు అందరూ తమ పాత్ర చిన్నదా పెద్దదా అని చూసుకోకుండా పనిచేశారు. ప్రతి భాగమూ ముగిసేటప్పుడు జెఫ్రీ బర్గన్ స్వరపరచిన చర్చి ప్రార్థనా గీతం లేత గొంతుతో వినబడుతుంది. మేము ఒక్క రాత్రి కూడా దానిని దాటవేయలేదు.

‘స్మైలీస్ పీపుల్’ విషయంలో నా అభిప్రాయం కొంత భిన్నంగా ఉంది. సైమన్ లాంగ్టన్ దర్శకత్వంలో, లె కారే స్వయంగా జాన్ హాప్కిన్స్‌తో కలిసి రాసిన ఈ ఆరు భాగాలు లండన్ దాటి పారిస్, హాంబర్గ్, బెర్న్ నగరాల మీదుగా సాగుతాయి. ప్రదేశాలు విశాలమైన కొద్దీ ఉత్కంఠ కొంత పలచబడింది. మధ్యలో రెండు భాగాలు నెమ్మదిగా కదులుతాయి. గిలమ్ పాత్రకు మైకేల్ బర్న్ రావడంతో, జేస్టన్‌కు అలవాటుపడిన మనకు కాసేపు కొత్తగా ఉంటుంది. రెండు నవలలకు మధ్య వచ్చిన మరో నవలను ఆగ్నేయాసియాలో తీయడం ఖర్చుతో కూడినదని వదిలివేయడం వల్ల కథలో ఒక ఖాళీ కూడా ఉంది. అయినా గిన్నిస్ ఇక్కడ మరింత లోతుకు వెళ్ళారు. మొదటి సీరియల్‌లో స్మైలీ న్యాయం తన వైపు ఉన్నదన్న నమ్మకంతో పని చేస్తాడు. రెండో దానిలో శత్రువును పట్టుకోవడానికి శత్రువు పద్ధతులనే చేపట్టవలసి వస్తుంది, గెలుపు దగ్గరపడిన కొద్దీ అతని ముఖం వాడిపోతుంది. బ్రిటిష్ అకాడమీ ఈ రెండు పాత్రలకూ ఆయనను ఉత్తమ టీవీ నటుడిగా ఎంపిక చేసింది. రెండూ అర్హమైనవే, నాకు మాత్రం రెండోదానిలోని ఆఖరి భాగం ముందుంటుంది.

భారతీయ ప్రేక్షకుడిగా ఒక సంగతి దాచుకోలేను. స్మైలీతో వేషాల అవసరాన్నే దాటిపోయిన ఈ నటుడు, రెండేళ్ళకే, 1984లో, బెంగళూరు పరిసరాలలో ఎక్కువగా చిత్రీకరణ జరుపుకున్న డేవిడ్ లీన్ ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’లో ముఖానికి రంగు పూసుకుని ప్రొఫెసర్ గోడ్బోలేగా కనబడ్డారు. అదే చిత్రంలో విక్టర్ బెనర్జీ, సయీద్ జాఫ్రీ, రోషన్ సేఠ్ వంటి మన నటులు ఉండగా, ఒక హిందూ పండితుడి పాత్రకు లండన్ నటుణ్ణి ఎంచుకోవడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. ఆయన కష్టపడి నేర్చుకున్న నృత్యం ఎడిటింగులో పోవడంతో ఆ పాత్ర మరీ పొడిగా మిగిలింది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లోని అరబ్బు యువరాజు ఫైసల్ పాత్ర గురించి కూడా ఇదే అభ్యంతరం చెప్పవచ్చు, అక్కడ నటన ఎంత గంభీరంగా ఉన్నా సరే. ఒక మనిషి స్వభావాన్ని ఒక జత కళ్ళద్దాలతో, ఒక మౌనంతో పట్టివ్వగలిగిన కళాకారుణ్ణి రంగు వెనుక చూడటం నాకు బాధ కలిగించింది. ఆయన మీద గౌరవం ఉన్నందువల్లనే ఆ బాధ.

ఈ పెట్టె ఎవరు కొనాలన్న ప్రశ్నకు వస్తే, పని చేసుకుంటూ వెనుక టీవీ ఆడనిచ్చే అలవాటు ఉన్నవారికి ఇది పనికిరాదు. ఒక్కో భాగం ముప్పావు గంట నుంచి గంట దాకా ఉంటుంది; ఫోను పక్కన పెట్టి కూర్చోవాలి. మొదటి భాగంలో పేర్లు గజిబిజిగా వస్తాయి కనుక ఒక కాగితం మీద అయిదారు పేర్లు రాసుకుంటే మేలు. మేము అలాగే చేశాము. 2011లో గ్యారీ ఓల్డ్‌మన్‌తో వచ్చిన సినిమా చూసినవారికి ద్రోహి ఎవరో ముందే తెలుస్తుంది గాని, దానివల్ల ఇందులోని రసం పెద్దగా తగ్గదు. రెండు గంటలలో ఇమడని మనుషుల బతుకులు ఇక్కడ విప్పి చూపబడ్డాయి. నాటకరంగంలో పనిచేస్తున్న యువకులకు, ముఖ్యంగా సంభాషణ లేని చోట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడేవారికి, ఇది పాఠ్యపుస్తకం లాంటిది.

నాకు ప్లేయర్ అరువిచ్చిన మిత్రుడు దానితో పాటు పెట్టె కూడా తీసుకువెళ్ళాడు. ముప్పై ఏళ్ళు పరిషత్తు నాటకాలు ఆడిన మనిషి, గంభీరమైన కంఠం ఆయన ఆస్తి. నిన్న రాత్రి పదకొండు దాటాక ఫోను చేశాడు. ఢిల్లీ జైలు దృశ్యం మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడట. రెండుసార్లు గిన్నిస్‌ను, మూడోసారి ఆ మాట్లాడని మనిషిని. రెండో సీరియల్ పూర్తయ్యేదాకా పెట్టె తిరిగి అడగవద్దన్నాడు, సరేనన్నాను.